వంటాయనకి విజయవాడ టికెట్ కొనిస్తే ట్యాక్స్ నాకెందుకు? – ఆస్ట్రేలియా ఎఫ్‌బీటీ మీద నా జవాబు

నమస్తే అండీ. మిగతావాళ్ళకీ ఉపయోగపడుతుంది కాబట్టి ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్తాను. మెల్‌బోర్న్ పడమటి వైపు, ప్రొప్రైటరీ లిమిటెడ్ కంపెనీ పేరు మీద రెస్టారెంట్ నడుపుతున్నారు. మేనేజర్‌కి 45,000 డాలర్ల కంపెనీ కారు ఇచ్చారు. వంటాయన చెల్లెలి పెళ్ళికి 1,800 డాలర్లు పెట్టి విజయవాడకు టికెట్ కొనిచ్చారు. పాత ఉద్యోగి ఒకరికి ఇల్లు కొనుక్కోవడానికి 20,000 వడ్డీ లేని అప్పు ఇచ్చారు. ముగ్గురు వంటవాళ్ళకి వారానికి 400 అద్దెతో ఒక యూనిట్ (ఫ్లాట్) తీశారు. దీపావళికి తలా 300 డాలర్ల గిఫ్ట్ కార్డు. ఇప్పుడు మీ కొత్త అకౌంటెంట్ వీటన్నిటికీ ఎఫ్‌బీటీ (ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్, అంటే ఉద్యోగులకి జీతం కాక ఇచ్చేవాటి మీద యజమాని కట్టే పన్ను) కట్టాలి, మే 21 గడువు అన్నాడు. మీరు "మంచికి పోయి ఇచ్చాను, తీసుకున్నది వాళ్ళు, ట్యాక్స్ మాత్రం నేనా?" అని అడిగారు.

అవునండీ, మీరే. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ ట్యాక్స్ ఏజెంటుగా ఉన్నాను, మన వాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కారణం ఉంది. ఇండియాలో కంపెనీ ఇల్లో కారో ఇస్తే దాని విలువ ఉద్యోగి జీతంలో కలిపి టీడీఎస్ కోస్తారు, భారం ఉద్యోగిది. మనం ఆ అలవాటుతో వస్తాం. ఇండియాలోనూ నాలుగేళ్ళు ఇలాంటి ట్యాక్స్ ఉండేది. 2005 బడ్జెట్‌లో చిదంబరం గారు తెచ్చారు, 2009లో ప్రణబ్ ముఖర్జీ గారు తీసేశారు. హోటల్ బిల్లులు, టూర్ ఖర్చులు అన్నిట్లో ఇంత శాతం అని లెక్కేసి కట్టించుకునేవారు. అప్పట్లో హైదరాబాద్‌లో అకౌంట్స్ చేసినవాళ్ళని అడగండి, ఇప్పటికీ తిట్టుకుంటారు.

ఆస్ట్రేలియాలో ఇది 1986 జూలై 1న మొదలైంది. బాబ్ హాక్ ప్రధాని, పాల్ కీటింగ్ ట్రెజరర్, అంటే ఆర్థిక మంత్రి. అంతకు ముందు పెద్ద కంపెనీలు జీతం తక్కువ చూపించి కారు, ఇల్లు, పిల్లల స్కూలు ఫీజు ఇచ్చేవి. జీతం మీద ఆధారపడ్డ మామూలు మనిషి పూర్తి ట్యాక్స్ కడితే, బాస్ హాయిగా తప్పించుకునేవాడు. దానికి విరుగుడుగా, డబ్బు రూపంలో ఇచ్చినా వస్తువు రూపంలో ఇచ్చినా ప్రభుత్వానికి అంతే ముట్టాలని ఈ చట్టం చేశారు. తీసుకున్న ప్రతి ఉద్యోగి దగ్గరా వసూలు చేయడం కన్నా ఇచ్చే యజమాని ఒక్కడి దగ్గర వసూలు చేయడం తేలిక కాబట్టి బరువు మన నెత్తిన పెట్టారు.

లెక్క చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ దాని వెనక ఆలోచన ఒకటే. రేటు 47 శాతం, అంటే అత్యధిక ట్యాక్స్ 45, మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్యం కోసం వేసే పన్ను) 2. ఆ స్లాబులో ఉన్న ఉద్యోగి చేతికి 1,000 డాలర్లు మిగలాలంటే మీరు 1,886.80 జీతం ఇవ్వాలి. అందుకే ఇచ్చిన వస్తువు విలువను ముందు 1.8868తో హెచ్చిస్తారు, దాని మీద 47 శాతం వేస్తారు. 1,000 డాలర్ల వస్తువుకి ట్యాక్స్ 886.80. రెండూ కలిపితే మళ్ళీ అదే 1,886.80. దీన్నే గ్రాస్-అప్ అంటారు. కొన్నప్పుడు మీరు జీఎస్టీ క్రెడిట్ తీసుకునే వీలుంటే గుణకం 1.8868 కాదు, 2.0802. మొదటిదాన్ని టైప్ 2 అనీ, రెండోదాన్ని టైప్ 1 అనీ పిలుస్తారు. మీ కారు టైప్ 1. ఇంటి అద్దెలో జీఎస్టీ ఉండదు, అంతర్జాతీయ టికెట్లోనూ ఉండదు కాబట్టి అవి టైప్ 2.

ఇక్కడ ఒక సంగతి గమనించండి, ఈ జవాబంతటికీ అసలు పాయింట్ అదే. ఈ లెక్క మీ ఉద్యోగి అందరికన్నా పై స్లాబులో ఉన్నాడని అనుకుని వేసింది. మీ వంటాయన అక్కడ లేడు. ఆయన జీతం 45,000 నుంచి 1,35,000 మధ్యలో ఉంటుంది, ఆ మధ్యలో రేటు 30, మెడికేర్‌తో 32 శాతం. అంటే ఆయనకి వస్తువు రూపంలో ఇచ్చిన ప్రతిసారీ, ఆయన ఎప్పుడూ కట్టని రేటు మీద మీరు ట్యాక్స్ కడుతున్నారు.

టికెట్ తోనే చూద్దాం. 1,800 టికెట్‌కి ఎఫ్‌బీటీ 1,596. మొత్తం మీ జేబులోంచి 3,396 పోయింది. అదే మీరు ఆయనకి బోనస్‌గా 2,647 ఇచ్చి ఉంటే, ట్యాక్స్ పోను చేతికి సరిగ్గా 1,800 వచ్చేది, టికెట్ ఆయనే కొనుక్కునేవాడు. బోనస్ మీద సూపర్ (ఉద్యోగి రిటైర్మెంట్ కోసం యజమాని కట్టేది) కట్టాలి కదా అంటారేమో. 2025 జూలై 1 నుంచి వచ్చిన 12 శాతం రేటే వేసినా 318. మొత్తం 2,965. అంటే 431 డాలర్లు తక్కువలో పని అయిపోయేది, పైగా ఆ 318 ఆయన రిటైర్మెంట్ ఖాతాలోనే పడేది. అన్ని ఖర్చులూ కంపెనీకి డిడక్షనే, ఎఫ్‌బీటీ కూడా డిడక్షనే, కాబట్టి ఆ వైపు నుంచి తేడా లేదు. మన వాళ్ళలో "డబ్బిస్తే మర్యాదగా ఉండదు, టికెట్ చేతిలో పెడదాం" అనే పద్ధతి ఉంది. ఈ దేశంలో ఆ మర్యాదకి రేటు 47 శాతం.

ఒకవేళ అదే వంటాయన్ని మీరు విజయవాడ నుంచి ఉద్యోగంలోకి తెచ్చుకునేటప్పుడు ఆయనకీ భార్యాపిల్లలకీ టికెట్లు కొని ఉంటే, అది ఉద్యోగం కోసం ఊరు మారడం కిందికి వస్తుంది, మినహాయింపు ఉంది. పెళ్ళికి వెళ్ళిరావడం ఆ లెక్కలోకి రాదు.

కారు సంగతికి ఎక్కువ సమయం పెట్టాలి, మీ బిల్లులో పెద్ద ముక్కల్లో అదొకటి. మేనేజర్ గారు కారుని రాత్రి ఇంటి దగ్గర పెట్టుకుంటారని రాశారు. అంటే ఆయన ఆదివారం బయటికి తీశారా లేదా అన్నది అనవసరం. ఇంటి దగ్గర ఉంది కాబట్టి సొంత వాడకానికి అందుబాటులో ఉన్నట్టే లెక్క. ఇంటి నుంచి పనికి రావడం కూడా సొంత వాడకమే, ఇది చాలామంది నమ్మరు.

మామూలు పద్ధతిలో కారు ధరలో 20 శాతం, అంటే 9,000. దాన్ని 2.0802తో హెచ్చించి 47 శాతం వేస్తే 8,799 డాలర్లు, ఏడాదికి. రెండో పద్ధతి లాగ్ బుక్. వరసగా 12 వారాలు ప్రతి ప్రయాణం రాయాలి, అది అయిదేళ్ళు పనిచేస్తుంది. మీ మేనేజర్ గారు మార్కెట్‌కీ, కేటరింగ్ ఆర్డర్లకీ తిరుగుతారు కాబట్టి వ్యాపార వాడకం 80 శాతం వచ్చిందనుకుందాం. పెట్రోలు, సర్వీసు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపి 7,000. కారు కంపెనీ సొంతం కాబట్టి తరుగుదల 25 శాతం, అంటే కొన్న మొదటి ఏడాదికైతే 11,250 కలపాలి. కారు ధర మీద 8.77 శాతం వడ్డీ ఊహించి ఇంకో 3,946. మొత్తం 22,196లో సొంత వాడకం 20 శాతం, అంటే 4,439. ట్యాక్స్ 4,340కి దిగుతుంది. సగం. కానీ పోయిన ఏడాదికి మీ దగ్గర లాగ్ బుక్ లేదు కాబట్టి ఈసారి ఈ దారి మూసుకుపోయింది. ఇప్పుడు కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయకండి, ఏటీఓ (ఆస్ట్రేలియా పన్నుల శాఖ) వాళ్ళు టోల్ రికార్డులతో పోల్చి చూస్తారు.

లాగ్ బుక్ గురించి నా సొంత అవమానం ఒకటి చెప్తాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నా కారుకే రాసుకున్నాను. పదకొండు వారాలు బుద్ధిగా రాశాను, మా బావమరిది పెళ్ళని ఊరెళ్ళాను, తిరిగొచ్చి మిగిలిన ఒక్క వారం అతికించాను. మా సీనియర్ దాన్ని చూసి ఏమీ అనకుండా చెత్తబుట్టలో వేశాడు. వరసగా అంటే వరసగానే. మళ్ళీ మొదటి నుంచి పన్నెండు వారాలు రాశాను. క్లయింట్లకి మాత్రం ఈ కథ చెప్పను, ఇక్కడ పేరు లేదు కాబట్టి ధైర్యం.

మూడో దారి, మేనేజర్ గారు తన చేతి డబ్బు, అంటే ట్యాక్స్ కట్టాక వచ్చిన జీతంలోంచి, కొంత పెట్టడం. ఆయన పెట్టిన ప్రతి డాలరూ ఆ 9,000 లోంచి నేరుగా తగ్గుతుంది. కంపెనీకి కట్టినా సరే, పెట్రోలు తన కార్డుతో కొట్టించి మీ దగ్గర తిరిగి తీసుకోకపోయినా సరే, కాగితం ఉంటే చాలు. కంపెనీకి కడితే అది మీకు ఆదాయం, అందులో జీఎస్టీ కూడా ఉంటుంది, మర్చిపోవద్దు.

కొత్త కారు కొనే ఆలోచన ఉంటే ఎలక్ట్రిక్ కారు చూడండి. 2022 జూలై 1 తర్వాత మొదటిసారి కొని వాడిన బ్యాటరీ కారు, లగ్జరీ కార్ ట్యాక్స్ పరిమితి లోపల ఉంటే, ఎఫ్‌బీటీ సున్నా. 2024–25లో ఆ పరిమితి 91,387 డాలర్లు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకి ఇది 2025 ఏప్రిల్ 1తో ముగిసింది, పాత ఒప్పందాలున్నవాళ్ళకి తప్ప. ఇంటికి చార్జర్ బిగించి ఇస్తే మాత్రం ఆ చార్జర్‌కి మినహాయింపు లేదు. వ్యాన్ కొన్నా లాభమే: ఇంటికీ పనికీ తిరగడం తప్ప సొంత వాడకం చాలా తక్కువగా ఉంటే మినహాయింపు. ఏటీఓ పెట్టిన కొలత ఏడాదికి 1,000 కిలోమీటర్లు, ఒక్కో రానుపోను ప్రయాణం 200 దాటకూడదు. కేటరింగ్ చేసే మీకు వ్యానే సరైన బండేమో ఆలోచించండి.

ఇల్లు. ఇది మీరు ఊహించని బాంబు. వారానికి 400 అంటే ఏడాదికి 20,800. దాని మీద ఎఫ్‌బీటీ 18,445. కారుకి రెట్టింపు! "వాళ్ళ ఇల్లు ఇండియాలో ఉంది, ఇక్కడ ఉద్యోగం కోసం ఉంటున్నారు, ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంటుందట కదా" అని కింద కామెంట్లలో ఒకాయన రాశారు. ఆ మాట ఒకప్పుడు నిజం. 457 వీసా (అప్పటి తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద వచ్చిన మన ఐటీ వాళ్ళలో చాలామంది, ఇంటికి దూరంగా ఉన్నందుకు ఇచ్చే ఆ అలవెన్సుతోనే అద్దెలు కట్టుకున్నారు. 2012 అక్టోబర్ 1 నుంచి నిబంధన మారింది. వదిలి వచ్చిన ఇల్లు ఆస్ట్రేలియాలోనే ఉండాలి, దాన్ని వాళ్ళు అట్టిపెట్టుకుని ఉండాలి. గుంటూరులో ఇల్లు ఉంటే కుదరదు.

ఇంటికి నేను చెప్పేది ఒకటే. అద్దె ఒప్పందం వాళ్ళ పేరు మీదికి మార్చి, జీతం పెంచండి. లేదా మార్కెట్ అద్దెను వాళ్ళే తమ చేతి జీతంలోంచి మీకు కట్టేలా చూడండి, అప్పుడు బెనిఫిట్ సున్నా. కానీ జీతంలోంచి మీరే కోసుకోకండి. వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అది వాళ్ళ మేలు కోసమే అయి ఉండాలి. వీసా స్పాన్సర్ చేసిన యజమాని జీతంలోంచి అద్దె కోశాడంటే ఫెయిర్ వర్క్ (ఉద్యోగుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఎలా చూస్తారో మీకు తెలుసు. ఎఫ్‌బీటీ తప్పించబోయి అందులో ఇరుక్కున్నవాళ్ళని చూశాను.

అప్పుకి లెక్క తేలిక. ఏటా ఏటీఓ ఒక వడ్డీ రేటు ప్రకటిస్తుంది. 2025 మార్చి 31తో ముగిసిన ఏడాదికి 8.77 శాతం. మీరు తీసుకోని వడ్డీ 20,000 మీద 1,754, ట్యాక్స్ 1,555. మంచి మనసుతో అప్పిచ్చి, మీరే వడ్డీ కట్టినట్టయింది. ఆయనకి కష్టం కాకపోతే వడ్డీ రాసుకోండి, లేదంటే త్వరగా తీర్చమనండి. ఆయన ఆ డబ్బుతో అద్దెకిచ్చే ఇల్లు కొని ఉంటే కథ మారుతుంది, ఎందుకంటే ఆ వడ్డీ ఆయనే కట్టి ఉంటే డిడక్షన్ వచ్చేది. అలాంటి చోట ఎఫ్‌బీటీ తగ్గుతుంది. ఉంటున్న ఇల్లా, అద్దెకిచ్చిందా అడగండి.

గిఫ్ట్ కార్డుల దగ్గర నాకు నిజంగా బాధేసింది. చిన్న బహుమతులకి మినహాయింపు ఉంది, కానీ 300 కంటే తక్కువ ఉండాలి. 300 అంటే 300 తక్కువ కాదు కదా. 299 ఇచ్చి ఉంటే ట్యాక్స్ లేదు, 300 ఇచ్చినందుకు తలా 266 డాలర్లు. ఒక్క డాలరు ఎంత పని చేసిందో చూడండి. వచ్చే దీపావళికి 250 ఇవ్వండి, 50 కంటే తక్కువలో స్వీట్ బాక్స్ వేరేగా ఇవ్వండి. రెండూ ఒకే సందర్భంలో ఇచ్చినవే కాబట్టి కలిపి చూసినా 300 కంటే తక్కువే ఉండేలా చూసుకోండి. నెలనెలా ఇస్తే చిన్న బహుమతి కిందికి రాదు, అప్పుడప్పుడూ ఇచ్చేదే అయి ఉండాలి.

మీరు అడగకపోయినా భోజనం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మీకు అనుకూలం. డ్యూటీ రోజు రెస్టారెంట్‌లోనే స్టాఫ్ తినే తిండికి ఎఫ్‌బీటీ లేదు. రోజూ రెండు పూటలా పెట్టండి, ఎవరూ అడగరు. ఇంటికి పార్సిల్ కట్టుకుని వెళ్తే వేరు. మీరు అమ్మే ధరలో 75 శాతం విలువ కడతారు, ఒక్కో ఉద్యోగికి ఏడాదికి మొదటి 1,000 డాలర్లు వదిలేస్తారు. 16 డాలర్ల బిర్యానీ అంటే 12. వారానికి ఒకటైతే ఏడాదికి 576, ఇబ్బంది లేదు. వారానికి మూడు తీసుకెళ్తే 48 వారాలకి 1,728, అందులో 728 మీద ట్యాక్స్. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పని కోసమే అయితే వదిలేయండి, వాటికి లేదు.

ఇక ఉద్యోగికి ఏమీ అంటదా? అంటుంది, అదీ ఎవరూ చెప్పరు. ఒక ఉద్యోగికి ఇచ్చిన వాటి విలువ ఏడాదిలో 2,000 దాటితే, దాన్ని 1.8868తో హెచ్చించి ఆయన ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో చూపించాలి. దాని మీద ఆయన ట్యాక్స్ కట్టడు. కానీ సెంటర్‌లింక్ (ప్రభుత్వ సాయాలు, సబ్సిడీలు చూసే సంస్థ) దాన్ని ఆదాయంగానే చూస్తుంది. మీ మేనేజర్ గారికి 9,000 విలువైన కారు అంటే 16,981 కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలు చైల్డ్ కేర్‌లో ఉన్నారన్నారు కదా, జీతం ఒక్క డాలరు పెరగకపోయినా సబ్సిడీ తగ్గే అవకాశం ఉంది, స్టడీ లోన్ ఉంటే దాని కిస్తీ కూడా పెరగొచ్చు. ఎలక్ట్రిక్ కారుకి మీకు ట్యాక్స్ లేకపోయినా ఈ చూపించడం మాత్రం తప్పదు. కారు ఇచ్చేముందు ఆయనకి ఈ మాట చెప్పడం మన బాధ్యత. చెప్పకపోతే జూలైలో ఆయన ఇంట్లోవాళ్ళు మీ గురించి ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకరు కింద "మా ఆవిడ పబ్లిక్ హాస్పిటల్‌లో నర్సు, ఆవిడకి జీతంలోంచి ఇంటి లోన్ కట్టుకోనిస్తున్నారు, ఎఫ్‌బీటీ లేదట, మాకెందుకు లేదు?" అని అడిగారు. హాస్పిటళ్ళకి ఒక్కో ఉద్యోగి మీద గ్రాస్-అప్ చేశాక 17,000 వరకు చట్టమే వదిలేసింది, దాన్ని 1.8868తో భాగిస్తే 9,010, అందుకే 9,010 డాలర్ల ప్యాకేజింగ్ మాట వింటుంటారు. రెస్టారెంట్‌కి ఆ సౌకర్యం లేదు, ఆశ పెట్టుకోకండి.

మీరు కంపెనీ డైరెక్టర్ కాబట్టి మీరూ ఉద్యోగే. మీ ఇంటి కరెంటు బిల్లు, పిల్లల స్కూలు ఫీజు కంపెనీ ఖాతాలోంచి వెళ్తుంటే అది ఎఫ్‌బీటీ అవుతుంది, లేదా వాటాదారుగా తీసుకున్నారని డివిజన్ 7ఏ (కంపెనీ డబ్బు వాటాదారు సొంతానికి వాడితే డివిడెండ్‌గా లెక్కేసే నిబంధన) కింద పడుతుంది. రెండోది ఇంకా ఘాటు. మీ భార్యకో పిల్లలకో ఇచ్చినా మీకిచ్చినట్టే. సొంత పేరు మీద వ్యాపారం చేసుకునేవాళ్ళకి తమ మీద తమకి ఎఫ్‌బీటీ ఉండదు, మీది కంపెనీ కాబట్టి ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు చేయాల్సినవి. ఏటీఓలో ఎఫ్‌బీటీకి రిజిస్టర్ కండి. ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు, రిటర్న్ మే 21కి. ట్యాక్స్ ఏజెంట్ ద్వారా ఆన్‌లైన్‌లో వేస్తే జూన్ 25 వరకు సమయం ఉంటుంది, మీ అకౌంటెంట్ దగ్గర మీ పేరు ముందే ఎఫ్‌బీటీ క్లయింట్‌గా చేర్చుకోమనండి. అంతకు ముందు ఏళ్ళలోనూ కారు ఉందని రాశారు. రిటర్న్ వేసిన ఏడాదికి ఏటీఓ వెనక్కి వెళ్ళడానికి సాధారణంగా మూడేళ్ళ హద్దు ఉంటుంది. వేయని ఏడాదికి ఆ హద్దు మొదలే కాదు. కాబట్టి పాతవి కప్పిపెట్టకుండా మీరే ముందుగా చెప్పి వేయండి, వాళ్ళు పట్టుకుంటే పడే పెనాల్టీ కన్నా అది చాలా తక్కువ.

పోయిన ఏడాదికి ఇప్పుడు మీ చేతిలో మిగిలిన ఆయుధం ఒక్కటే, మేనేజర్ గారు సొంత డబ్బుతో కొట్టించిన పెట్రోలు. మార్చి 31 లోపు ఖర్చు పెట్టి, మీ దగ్గర తిరిగి తీసుకోనిదైతే పనికొస్తుంది. ఆయన సంతకం చేసిన కాగితం రిటర్న్ గడువు లోపు మీ చేతికి రావాలి. ఆ బిల్లులు ఉన్నాయో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. 3,000 డాలర్ల బిల్లులు దొరికినా దాదాపు 2,933 ట్యాక్స్ తగ్గుతుంది. ఈలోగా ఆ కారు ఓడోమీటర్‌కి ఇవాళే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, లాగ్ బుక్ సోమవారం నుంచి మొదలుపెట్టమనండి. పన్నెండు వారాల్లో ఎవరి పెళ్ళీ లేకుండా చూసుకోండి.